ఏమీ తెలియని సభ్యుడు

దువ్వూరి భానోజీరావుకు చేపల గురించి తెలియనిది లేదు. మిగతా ప్రపంచం గురించి తెలిసినది పెద్దగా లేదు. కొంగలదీవి గణరాజ్యపు మత్స్యశాఖలో ఎండుచేపల విభాగానికి ఆయన ఉపసంచాలకుడు. మెడనొప్పి మనిషి. డాక్టరు మెడకు పట్టీ కట్టి, "పైకి చూడకండి, కిందికి చూడకండి, ఎదురుగా చూసుకుంటూ పొండి" అని చెప్పి ఏళ్ళు గడిచిపోయాయి. ప్రభుత్వోద్యోగంలో ఉన్నవాడికి అదేమంత కష్టమైన సలహా కాదు కాబట్టి ఆయన అలాగే నెట్టుకొస్తున్నాడు.

అలాంటి మనిషిని ఒక సోమవారం పొద్దున రక్షణ శాఖ కార్యదర్శి వటపత్రశాయి కారు పంపించి మరీ పిలిపించాడు.

ఎందుకు పిలిపించాడో చెప్పాలంటే ముందు ఆ దేశం సంగతి కొంత చెప్పాలి. కొంగలదీవి చిన్న దేశం. సముద్రానికి అవతల ఉన్న పెద్దదీవి పెద్ద దేశం. పెద్దదీవి యుద్ధ విమానాలు రోజూ పొద్దున్నే కొంగలదీవి మీదుగా ఒక చుట్టు చుట్టి, డాబాల మీద ఆరేసిన బట్టలన్నీ ఎగరగొట్టి వెళ్ళిపోయేవి. వాటిని తరమడానికి కొంగలదీవికి కూడా విమానాలున్నాయి. కానీ అవి దగ్గి, తుమ్మి, నేల విడిచి లేచేసరికి అవతలివాళ్ళు ఇంటికెళ్ళి టిఫిను కూడా కానిచ్చేవారు. అందుచేత కొత్త విమానాలు కొనాలని ప్రభుత్వం తీర్మానించింది. తీర్మానం పాతబడింది గాని విమానం రాలేదు.

మొదట వైమానిక దళంలో తల పండినవాళ్ళతో ఒక సంఘం వేశారు. వాళ్ళు ఒక విమానాన్ని ఎంచారు. ఓడిపోయిన కంపెనీ కోర్టుకెక్కింది. విమానాల గురించి తెలిసినవారికి విమానాల మీద అభిప్రాయం ఉండి తీరుతుందని, అభిప్రాయం ఉన్నవారు నిష్పాక్షికులు కాజాలరని కోర్టు చెప్పింది. సంఘం రద్దయింది. తరువాత విమానాల ముఖం చూడకుండా పుస్తకాలు మాత్రమే చదివిన ప్రొఫెసర్లతో ఇంకో సంఘం వేశారు. చదవడం కూడా తెలుసుకోవడం కిందికే వస్తుందని అదీ రద్దయింది. ఆ పైన ఒక సాదాసీదా పెద్దమనిషిని వేస్తే, ఆయన ఎప్పుడో తీర్థయాత్రకు విమానంలో వెళ్ళాడనీ, అదీ కిటికీ పక్కన కూర్చున్నాడనీ బయటపడి పరువు పోయింది.

దాంతో ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది. యుద్ధ విమానాల కొనుగోలు నిష్పాక్షికతా చట్టం వచ్చింది. విమాన విషయక పరిజ్ఞానం లేశమాత్రమూ లేనివారే ఎంపిక సంఘంలో సభ్యులు కాదగుదురు. సభ్యత్వ కాలంలో అట్టి పరిజ్ఞానం ఏ మార్గంలో సంక్రమించినా ఆ క్షణమే సభ్యత్వం కోల్పోదురు. చట్టసభలో అధికార పక్షం బల్లలు చరిచింది. అలవాటు లేని ప్రతిపక్షం కూడా చరిచింది. ఇకపై తెలివితేటలు మన దేశాన్ని అమ్ముకోలేవని పత్రికలు సంపాదకీయాలు రాశాయి.

ఇక ఏమీ తెలియనివాళ్ళ కోసం వెదుకులాట మొదలైంది. ఏమీ తెలియనివాళ్ళు దేశంలో కావలసినంతమంది ఉన్నారు గాని, తెలియదని ఒప్పుకునేవాళ్ళే దొరకలేదు. దరఖాస్తు పెట్టిన ప్రతివాడూ ముఖాముఖిలో ఏదో ఒకటి తెలిసినట్టు మాట్లాడి పోయాడు. అప్పుడు ఎవరో భానోజీరావు పేరు చెప్పారు. ఆయన ఆకాశం వంక చూసి ఏళ్ళయిందని కూడా చెప్పారు.

వటపత్రశాయి ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, గోడకు తగిలించిన ఒక పటం వైపు బెత్తం చూపించాడు. పక్కన ఈ చట్టం కోసమే నియమించిన న్యాయాధికారి పేరిశాస్త్రి కలం తెరిచి పెట్టుకున్నాడు.

"ఇదేమిటో సెలవివ్వగలరా?" అని అడిగాడు వటపత్రశాయి.

భానోజీరావు కంగారులో కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. కళ్ళు చికిలించి చూశాడు. సూదిలాంటి ముక్కు, రెండు పక్కలా రెక్కలు, వెనకాల నిలువుగా తోక.

"సొరచేపండి" అన్నాడు.

వటపత్రశాయి, పేరిశాస్త్రి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నిశ్చయంగా చెబుతున్నారా?"

"పచ్చిది చూస్తే గట్టిగా చెప్పేవాణ్ణి. ఇది ఎండబెట్టినట్టుంది. సరిగ్గా ఎండలేదు కూడా, పొట్ట దగ్గర ఉబ్బింది. ఇలాంటి సరుకు మా శాఖ పాసు చెయ్యదండి."

పేరిశాస్త్రి కలం పక్కన పెట్టి చేతులు జోడించాడు. వటపత్రశాయి లేచి వచ్చి భానోజీరావు భుజం మీద చెయ్యి వేసి, "తమరి అజ్ఞానాన్ని ప్రభుత్వం అత్యంత గౌరవభావంతో పరిగణిస్తోంది" అన్నాడు.

భానోజీరావుకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదని చెబితే అందుకు కూడా మెచ్చుకున్నారు.

ఆ రోజు నుంచి ఆయన అజ్ఞానం జాతి సంపద అయింది. దానికి ఏ హానీ జరగకుండా సన్నిబాబు అనే కానిస్టేబుల్‌ని కాపలా పెట్టారు. సన్నిబాబు చేతిలో నల్ల గొడుగు ఒకటి, జేబులో దూది ఉండేవి. పైన ఎక్కడ మోత వినబడ్డా, "బాబూ, తలొంచుకోండి" అని గొడుగు విప్పి ఆయన నెత్తి మీద పట్టి, రెండు చెవుల్లో దూది కుక్కేవాడు. భానోజీరావు తల వంచలేడు కాబట్టి మోకాళ్ళు వంచేవాడు. ఇంటికొచ్చే వార్తాపత్రికలో విమానం అన్న మాట ఉన్నచోటల్లా కత్తిరించి పంపేవారు. రక్షణ శాఖ కాగితాల్లో విమానం అనే మాటే ఎత్తివేసి 'వస్తువు' అని రాయడం మొదలుపెట్టారు. వైమానిక దళాధిపతి తనని ఇకమీద వస్తుదళాధిపతి అని పిలవాలేమోనని మూడు రోజులు సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాడు.

భానోజీరావు భార్య రత్నాంబకు మొదట్లో ఇదంతా గొప్పగానే ఉంది. గుమ్మంలో ప్రభుత్వ కారు, వీధిలో గౌరవం. ముప్పై ఏళ్ళుగా తను ఇంట్లో చెబుతున్న మాటే ఇప్పుడు ప్రభుత్వం కూడా చెబుతోందని ఇరుగమ్మలతో అంటూ ఉండేది. ఒక్కటే బాధ. వాళ్ళ మేడ మీద వాటాలో హైమ అనే అమ్మాయి అద్దెకుండేది. హైమ వైమానిక దళంలో పైలట్. వీళ్ళని బాబాయి గారూ, పిన్ని గారూ అని నోరారా పిలిచే పిల్ల. భానోజీరావు సభ్యుడైన మర్నాడే, ఆయన వరండాలో ఉండగా ఆమె మెట్లు దిగరాదని, ఆమె యూనిఫాం ఆయన కంట పడే చోట ఆరేయరాదని తాఖీదు వచ్చింది. పాపం ఆ పిల్ల వెనకవైపు ఇనుప నిచ్చెన మీంచి దిగి డ్యూటీకి పోయేది.

సంఘంలో ఇంకో ఇద్దరు సభ్యులున్నారు. ఉప్పుశాఖ నుంచి వచ్చిన విక్టర్, సంగీత పాఠశాలలో వీణ చెప్పే రంగనాయకి. మొదటి సమావేశం కిటికీలు లేని ఒక గదిలో జరిగింది.

"సభ్యులు నిస్సంకోచంగా ప్రశ్నలు వేయవచ్చు" అన్నాడు వటపత్రశాయి. "అయితే ప్రశ్న విషయానికి సంబంధించినదై ఉండరాదు."

విక్టర్ మొహమాటంగా చెయ్యెత్తి, "ఇవి ఎగురుతాయా అండి?" అన్నాడు.

పేరిశాస్త్రి కుర్చీలో ముందుకు జరిగాడు. "ప్రశ్నలో ఊహ ఉంది. ఊహలో విషయం ఉంది. ఎగరవచ్చునని తమకు స్ఫురించింది అంటే, ఎగురునవి, ఎగరనివి అని వస్తువులు రెండు తెగలని తమకు ముందే తెలుసన్నమాట."

"కాకులు ఎగురుతాయి కదండీ, అందుకని అడిగాను" అన్నాడు విక్టర్.

"తులనాత్మక అధ్యయనం కూడా చేశారు" అని పేరిశాస్త్రి విచారంగా రాసుకున్నాడు. విక్టర్‌ని కారెక్కించి ఉప్పుశాఖకు పంపేశారు.

రంగనాయకి ఇంకొంచెం కాలం నిలిచింది. ఒక రోజు సమావేశం జరుగుతుండగా పెద్దదీవి విమానం ఒకటి గది మీదుగా పోయింది. సన్నిబాబు దూది తీసి భానోజీరావు చెవుల దగ్గరికి పరిగెత్తాడు గాని రంగనాయకి చెవుల సంగతి ఎవరూ చూడలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని, వేలు తిప్పి, "కాకలి నిషాదం. కాస్త పైకి జారింది" అంది. అది ధ్వని పరీక్ష కిందికి వస్తుందని, సాంకేతిక నిర్ధారణతో సమానమని పేరిశాస్త్రి తేల్చాడు. ఆవిడా వెళ్ళిపోయింది. మిగిలింది భానోజీరావు ఒక్కడు.

వటపత్రశాయికి దిగులు పట్టుకుంది. "రాజ్యభారం యావత్తూ తమరి అమాయకత్వం మీదనే ఆధారపడి ఉంది" అన్నాడాయన. "దయచేసి ఏదీ గమనించకండి."

"ప్రయత్నిస్తానండి" అన్నాడు భానోజీరావు.

తరువాత కంపెనీలవాళ్ళు వచ్చారు. పోటీలో మూడు కంపెనీలున్నాయి. తమ వస్తువు గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదన్న షరతు మీద వాళ్ళని లోపలికి రానిచ్చారు. మొదటి కంపెనీ దొర తమ ఊళ్ళో పడే మంచు గురించి గంటసేపు వర్ణించి చెప్పాడు. రెండో కంపెనీ పెద్దమనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుని వాళ్ళ దేశపు జాతీయ గీతం పాడాడు. మూడో కంపెనీ తరఫున వచ్చినవాడు ఏం మాట్లాడితే ఏం ముంచుకొస్తుందోనని మాట్లాడకుండా కూర్చుని, వెళ్ళేటప్పుడు నమస్కారం పెట్టాడు.

అసలు ఏమీ చూపించకుండా ఎంచమనడం భావ్యం కాదని పేరిశాస్త్రికే అనిపించి, వస్తువుల మీద కప్పిన గుడ్డలు చూడవచ్చునని వెసులుబాటు ఇచ్చాడు. ముగ్గురూ తమ గుడ్డలు తెచ్చి బల్ల మీద పరిచారు. మొదటిది నీలం మఖమలు. రెండోది తెల్లటి పట్టు. మూడోది మామూలు టార్పాలిన్ పట్టా. భానోజీరావు మఖమలు వంక చూడలేదు. పట్టా అంచు పట్టుకుని నలిపి, "దీని మీద నెత్తళ్ళ చేపలు ఆరేస్తే ఇసక అంటదు" అన్నాడు.

"అత్యద్భుతం" అని పేరిశాస్త్రి గొణుక్కున్నాడు. "ఇంత దూరం వచ్చినా విషయం ఈయన దరిదాపులకు రాలేదు." ఆ మూడు గుడ్డల ముచ్చట ఆ రాత్రే రత్నాంబకూ, ఆవిడ నోట మేడ మీదికీ చేరింది.

ఇలా హాయిగా సాగిపోతుంటే ఒక శుక్రవారం ఆఫీసులో భానోజీరావు బల్ల మీదికి ఒక నివేదిక వచ్చింది. ఉత్తరపు తీరంలో కొన్ని చేపలు చచ్చి తేలాయని దాని సారాంశం. కారణం అన్నచోట, 'ఒకానొక వస్తువు ఒకానొక చోటు నుంచి జారి నీటిలో పడుటచేత' అని రాసి ఉంది. మత్స్యశాఖలో ఇంత ముసుగు భాష ఆయన ఎన్నడూ చూడలేదు. ఏ తాటికాయో పడి ఉంటుందనుకుని సంతకం పెట్టేశాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే రత్నాంబ చారు వడ్డిస్తూ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందే?" అన్నాడు.

"మేడ మీద పిల్లకి చెయ్యి విరిగింది."

"అయ్యో. ఎలా?"

"మీతో చెప్పకూడదుట."

భానోజీరావు గుమ్మంలో నిలబడ్డ సన్నిబాబు వైపు చూశాడు. సన్నిబాబు గోడ వైపు చూశాడు. చారు చల్లారిపోతున్నా ఆయన ముద్ద ఎత్తలేదు. జారిపడిన వస్తువు ఏమిటో, ఆ వస్తువులో ఎవరున్నారో ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలిసిపోయింది. అంత దాకా ఆ ఉద్యోగం ఆయనకు ఒక తమాషా. ఏమీ తెలియకపోవడానికి కారూ, కాపలా ఇస్తున్నారు, పోనీలే అనుకున్నాడు. తను తెలియకుండా కూర్చున్నన్నాళ్ళూ ఆ పిల్ల ఆ పాత డొక్కుల్లోనే పైకి పోతోందన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు వచ్చింది. వచ్చాక అన్నం దిగలేదు.

చెయ్యి కడుక్కుని లేచి మెట్ల వైపు నడిచాడు. రత్నాంబ వెనకే బయల్దేరింది.

"బాబూ, అటెళ్ళకూడదండి" అన్నాడు సన్నిబాబు.

"దెబ్బ తగిలిన పిల్లని పలకరించకూడదని చట్టంలో ఉందా?"

సన్నిబాబు ఆలోచించాడు. "పలకరింపు దాకా పర్లేదేమో. నాను పక్కనుంటాను. ఆ ఊసొస్తే మాత్రం దూది పెట్టీస్తాను."

హైమ చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. ముగ్గురూ రావడం చూసి లేవబోతే రత్నాంబ ఆపింది. భానోజీరావు కుర్చీ లాక్కుని కూర్చుని మెడపట్టీ సవరించుకున్నాడు.

"అమ్మా, ఏది మంచిదో నువ్వు చెప్పు" అన్నాడు.

సన్నిబాబు జేబులో చెయ్యి పెట్టాడు.

హైమ గబుక్కున, "వద్దు బాబాయి గారూ. నేను చెబితే మీరు పోతారు. మీ చోట్లోకి ఇంకొకాయన వస్తారు. ఆయన నన్ను చూడ్డానికి మెట్లెక్కి రాడు" అంది.

రత్నాంబే ఉన్నట్టుండి, "ఏమే అమ్మాయ్, మీ అమ్మ సంబంధాలు చూస్తోందన్నావు. ముగ్గురు అబ్బాయిలు పరిశీలనలో ఉన్నారు కదూ" అంది. ముగ్గురు అన్నప్పుడు గొంతు కాస్త నొక్కింది.

హైమ ఒక్క క్షణం పిన్నిగారి మొహంలోకి చూసి, తల వంచుకుని సిగ్గు నటించింది.

"అవును పిన్నిగారూ. ఎవరిని చేసుకోవాలో తేలడం లేదు. మొదటి అబ్బాయి పొడుగు, అందగాడు, ఒంటినిండా నీలం మఖమలే. కానీ వానొస్తే గడప దాటడు. ఒకసారి బయటికెళ్ళొస్తే వారం రోజులు ఒళ్ళు పట్టాలిట."

"అమ్మో, సుకుమారం" అంది రత్నాంబ. "రెండోవాడు?"

"ఆ అబ్బాయి బలశాలే. కాకపోతే ప్రతి దానికీ వాళ్ళమ్మని అడగాలి. ఎటు వెళ్ళాలన్నా, ఎవరి మీద చెయ్యెత్తాలన్నా వాళ్ళమ్మ ఊ అనాలి. ఆవిడకి కోపమొస్తే కొడుకు మంచం దిగడు."

"అలాంటి ఇంట్లో పిల్లనెలా ఇస్తాం" అన్నాడు భానోజీరావు. ఆయనకు ఇప్పుడిప్పుడే వెలుగుతోంది. "మూడోవాడి సంగతేమిటమ్మా?"

"పొట్టి. చూపులకి అంతంతమాత్రం. టార్పాలిన్ పట్టా కట్టుకున్నట్టుంటాడు. కానీ ఎక్కడ దింపితే అక్కడ దిగుతాడు, మట్టి రోడ్డైనా సరే. ఏది పెడితే అది తింటాడు. ఒంట్లో బాగోకపోతే మన ఊరి డాక్టరే చూడగలడు. చెప్పిన మాట వెంటనే వింటాడు బాబాయి గారూ. నాకు కావలసింది అదే."

అందాకా వింటున్న సన్నిబాబు ఉండబట్టలేకపోయాడు. "ఏటనుకోకండి అమ్మా, నడుమన మాట్లాడతన్నానని. ఆ మూడో గుంటణ్ణే చేసుకోండి. మా సిన్నప్పకి మొదటోడి లాటోణ్ణే కట్టబెట్టినాం. ఇప్పటికీ వానొస్తే అదే గొడుగట్టుకుని బజారెల్తాది."

హైమ నవ్వలేక చేతినొప్పి వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుంది. భానోజీరావు లేచి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి కిందికి దిగాడు. సభ్యుడైన తరువాత ఆయనకు వస్తువుల గురించి ఏదైనా తెలియడం అదే మొదటిసారి.

తుది సమావేశానికి వటపత్రశాయి శాలువా కప్పుకుని వచ్చాడు. ముగ్గురు కంపెనీలవాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు.

"గౌరవ ఏకసభ్య సంఘం తన నిర్ణయాన్ని ప్రకటించవలసిందిగా ప్రార్థన."

"మూడోది" అన్నాడు భానోజీరావు.

"హేతువు?"

పేరిశాస్త్రి కలం గాల్లో ఆగింది. హేతువులో ఒక్క పిసరు విషయం ఉన్నా అంతా పోతుంది. భానోజీరావు ముక్కు సూటిగా చూస్తూ, "పట్టా బాగుందండి. నెత్తళ్ళకి పనికొస్తుంది" అన్నాడు.

పేరిశాస్త్రి ఆ మాటను అటు తిప్పి, ఇటు తిప్పి పరీక్షించాడు. ఎందులోనూ విషయం దొరకలేదు. "హేతువు సంపూర్ణంగా అసంబద్ధం. చట్టబద్ధం" అన్నాడు. వటపత్రశాయి శాలువా తీసి భానోజీరావుకు కప్పాడు.

అంతటితో అయిపోతుందనుకున్నారు. వారం తిరక్కుండానే మఖమలు కంపెనీ కోర్టుకెక్కింది.

కోర్టు హాలు కిటకిటలాడింది. విమానాలు కొనబోయే దేశాల విలేకరులు కూడా వచ్చి వరుసగా కూర్చున్నారు. కంపెనీ వకీలు లేచి గౌను సర్దుకున్నాడు.

"అయ్యా, భానోజీరావు గారు తీసుకున్న నిర్ణయం సరైనది" అన్నాడు. "ఇదే మా ఫిర్యాదు."

న్యాయమూర్తి కళ్ళజోడు ముక్కు మీదికి దించుకున్నాడు. "వివరించండి."

"ఏమీ తెలియని మనిషి సరైన నిర్ణయం తీసుకోవడం అసంభవం. ఈయన తీసుకున్నాడు. కనుక ఈయనకు తెలుసు. తెలుసు కనుక అనర్హుడు. ఈ నిర్ణయం సరైనది కనుక దీనిని రద్దు చేయవలసిందిగా కోరుతున్నాం."

హాలంతా గుసగుసలు. భానోజీరావు ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. వకీలు చెబుతున్నది అక్షరాలా నిజం. తనని ఇంటికి పంపితే పంపారు, ఆ పిల్ల చెయ్యి నయమై మళ్ళీ ఆ డొక్కే ఎక్కాలి. పక్కకి తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదు. వెనక ఎక్కడో హైమ కూర్చుని ఉందని మాత్రం తెలుసు.

ముందు సన్నిబాబును బోనెక్కించారు.

"నీ సభ్యుడు ఎప్పుడైనా ఆ పైలట్ అమ్మాయితో మాట్లాడాడా?" అని అడిగాడు వకీలు.

"ఒక్కపాలి మాట్లాడినారు బాబూ. నాను పక్కనే ఉన్నాను."

"దేని గురించి?"

"పెళ్ళి సంబంధాల గురించి. ఇమానం ఊసే రాలేదు. వచ్చుంటే దూది పెట్టీసుందును."

న్యాయమూర్తికి ఆసక్తి కలిగింది. "సంబంధం ఖాయమైందా?"

"మూడో పిల్లడికి మాటైపోయింది బాబూ. పిల్లడు రావడవే ఆలీసం."

న్యాయమూర్తి శుభం అన్నట్టు తల ఆడించి, వకీలు వైపు తిరిగాడు. "సరే. నిర్ణయం సరైనదని మీరంటున్నారు. అది సరైనదని ఈ కోర్టుకు ఎలా తెలుస్తుంది? చట్టం వచ్చాక ఈ దేశంలో విమానాల గురించి తెలుసునని ఒప్పుకునేవాడు ఒక్కడూ మిగల్లేదు."

"మా కంపెనీ నిపుణులే సాక్ష్యం చెబుతారు."

"మీ విమానం కంటే ఆ పట్టా విమానం మంచిదని మీ నిపుణులే చెబుతారా?"

వకీలు కొద్దిగా తడబడ్డాడు. "కొనుగోలు సందర్భంలో చెప్పరు. ఫిర్యాదు సందర్భంలో మాత్రమే చెబుతారు."

నిపుణుణ్ణి పిలిచారు. ఎర్రగా బుర్రగా ఉన్న ఆ దొర ప్రమాణం చేసి నిజాయితీగా మొదలుపెట్టాడు. తమ విమానం వానలో తడిస్తే లేవదన్నాడు. ఒకసారి ఎగిరొస్తే వారం రోజులు విప్పి పెట్టుకోవాలన్నాడు. గాలిలో ఉప్పుంటే దగ్గుతుందని, ద్వీపాల్లో వాడకపోవడమే మేలని కూడా చెప్పాడు. విదేశీ విలేకరుల కలాలు పరిగెత్తాయి. ఇద్దరు ముగ్గురు ఫోను చేసుకోవడానికి బయటికి పరిగెత్తారు. దొర ఇంజను సంగతి ఎత్తబోతుండగా కంపెనీ మేనేజరు వచ్చి వకీలు చెవిలో ఏదో ఊదాడు. వకీలు మొహం తెల్లబడింది.

"అయ్యా, మా ఫిర్యాదును సవరించుకుంటున్నాం" అన్నాడు. "భానోజీరావు గారి నిర్ణయం పూర్తిగా తప్పు. మా విమానమే అన్నిటికంటే శ్రేష్ఠమైనది. వానలో మరీ బాగా ఎగురుతుంది."

"నిర్ణయం తప్పని మీరు అంగీకరిస్తున్నారా?"

"మనస్ఫూర్తిగా."

"తప్పు నిర్ణయం తీసుకున్నాడు కాబట్టి ఈయనకు ఏమీ తెలియదని రుజువైంది" అన్నాడు న్యాయమూర్తి. "ఏమీ తెలియదు కాబట్టి అర్హుడు. అర్హుడు కాబట్టి నిర్ణయం చెల్లుతుంది. కేసు కొట్టివేయడమైనది."

ఎవరో కుర్చీతో సహా భానోజీరావును ఎత్తేశారు. ఎవరో చూద్దామంటే మెడ తిరగలేదు.

విమానాలు వర్షాకాలంలో వచ్చాయి. వచ్చిన మర్నాడు పొద్దున పెద్దదీవి విమానాలు అలవాటు ప్రకారం డాబాల మీదికి వచ్చేసరికి, పొట్టిగా, బూడిద రంగులో ఒకటి వాటి పక్కనే వచ్చి చేరింది. వానలోనే. కాసేపు జంటగా ఎగిరింది. అవతలి పైలట్ ఇటు చూస్తే, లోపల నుంచి ఒక అమ్మాయి చెయ్యి ఊపిందట. మర్నాడు వాళ్ళు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ నెలలో ఊరి మొత్తం మీద ఒక్క లంగోటా కూడా గాలికి పోలేదు.

భానోజీరావు సభ్యత్వం ముగిసింది. గొడుగూ, దూదీ ప్రభుత్వానికి అప్పగించి సన్నిబాబు స్టేషనుకు వెళ్ళిపోయాడు. ఒక ఆదివారం హైమ ఆయన్ని, రత్నాంబని విమానాశ్రయానికి తీసుకెళ్ళింది. ఆయన విమానం చుట్టూ మెల్లగా నడిచాడు. చక్రం దగ్గర ఆగి చేత్తో తట్టాడు. రెక్క కింద నిలబడి, ఇదేమిటి, అదేమిటి అని ఎండెక్కేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ అడగకుండా దాచుకున్నవన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. హైమ విసుక్కోకుండా అన్నిటికీ జవాబు చెప్పింది. రత్నాంబ మాత్రం లోపలికి తొంగి చూసి, "ఇంత ఇరుకులో టిఫిను డబ్బా ఎక్కడ పెట్టుకుంటావే" అంది.

ఈ విజయంతో ప్రభుత్వానికి చట్టం మీద గురి కుదిరిపోయింది. అన్ని శాఖలకూ వర్తింపజేశారు. మత్స్యశాఖకు సముద్రంలోకి వెళ్ళే పెద్ద పడవలు కావలసి వచ్చినప్పుడు, పడవల గురించి కాస్తో కూస్తో తెలిసిన ఆ శాఖవాళ్ళందరినీ ముందే పక్కన పెట్టేశారు. భానోజీరావును మరీ దూరంగా, అటవీ శాఖలో కూర్చోబెట్టారు.

పడవలు ఎంచడానికి హైమను పిలిచారు.

"తమరు సముద్రాన్ని చూసి ఉన్నారా?" అని అడిగాడట వటపత్రశాయి.

"రోజూ చూస్తానండి, పైనుంచి" అందట హైమ.

పైనుంచి చూచుట చూచుట కాదని పేరిశాస్త్రి వ్యాఖ్యానించాడట. పడవ పటం చూపిస్తే ఆమె నిజంగానే కొబ్బరి చిప్ప అనుకుందట. అక్కడికక్కడే నియమించేశారు.

మొదటి సమావేశానికి వెళ్ళే పొద్దున ఆమె ముందు మెట్లు దిగి వచ్చి వరండాలో భానోజీరావు ఎదుట నిలబడింది. యుద్ధ విమానం నడిపే పిల్ల, చేతులు నలుపుకుంటోంది.

"భయంగా ఉంది బాబాయి గారూ. అక్కడ ఎలా ఉండాలి?"

భానోజీరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తన సర్వీసు మొత్తంలో ఒక జూనియరుకు సలహా చెప్పే అధికారం తనకు నిజంగా ఉన్న విషయం ఇదొక్కటే అనిపించింది.

"ఏమీ కంగారు పడకమ్మా" అన్నాడు. "ఏమడిగినా కొంచెం నోరు తెరిచి చూస్తూ ఉండు. తొందరపడి ఏదీ నేర్చుకోకు. నేర్చుకున్నా, మొహం మీదికి రానీకు."